మామగారు నొక్కని బటన్

పోయినవారం మన కోడలమ్మను మామగారి గది గుమ్మంలో నిలబెట్టి, అన్యాయంగా, అలాగే వదిలేసి వచ్చేశాం. ఆమె చేతిలో ఆయన ఫోను. ఫోనులో ఆమె స్వయంగా రాసిన షరతుల పేజీ. పేజీ అడుగున, కళ్ళజోడు లేనివాళ్ళకు కూడా కనిపించేంత పెద్దగా, పచ్చగా 'అంగీకరిస్తున్నాను' అనే బటన్. దాని మీద, నొక్కనా మాననా అన్నట్టు ఆమె బొటనవేలు. సరిగ్గా అప్పుడే, నిద్రపోతున్నారనుకున్న మామగారు కళ్ళు తెరవకుండానే రెండు చిటికెలు వేశారు.

ఆ ఇంట్లో ఒక చిటిక అంటే అవును. రెండు చిటికెలంటే కాదు. గొంతు ఆపరేషన్ అయి మాట పోయిన దగ్గర్నుంచీ మామగారు అల్లుకున్న భాష అది. అంతకుమించి చెప్పాల్సింది ఉంటే మంచం పక్కన పలక, బలపం ఉంటాయి. మిగతావాళ్ళకు నోళ్ళున్నాయి కాబట్టి చిటికెల జోలికి ఎవరూ పోరు. ఆ భాష ఇంట్లో ఆయనొక్కరి సొత్తు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. మామూలు మనిషైతే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేది. కానీ ఈవిడ పనిచేసే 'గొంతుగూడు' వెబ్‌సైటు ఆఫీసులో ఒక నియమం ఉంది: ఎవరి వేలు వాళ్ళదే. వాడుకునేవాళ్ళు ఫోన్ చేసి ఎంత బతిమాలినా దారి చూపించాలి తప్ప వాళ్ళ బదులు మనం చిన్న బటన్ కూడా నొక్కకూడదు. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది ఎవరో కాదు, ఈవిడే. అందుకే ఆఫీసులో అందరూ ఆమెను షరతులమ్మ అంటారు. ముందు ఎగతాళిగా అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు. ఇప్పుడామె అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

గొంతుగూడు గురించి కొత్త పాఠకులకు ఒక ముక్క చెప్పాలి. అది మనుషులు తమవాళ్ళ గొంతులు దాచుకునే చోటు. అమ్మమ్మ చెప్పిన కథ, చంటిదాని మొదటి మాట, నాన్న తిట్టిన తిట్టు, ఏదైనా సరే. మామగారు ఆపరేషనుకు వెళ్ళేముందు కోడలే ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి రోజుకు కొంత చొప్పున ఆయన గొంతంతా అందులోకి ఎక్కించింది. ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసిన మనిషి. ఏ రైలు ఎక్కడికొస్తుందో ఊరందరికీ తీయగా చెప్పిన ఆ గొంతు, ఇంట్లో పెళ్ళాంతో మాట్లాడాల్సి వచ్చేసరికి బొత్తిగా పొదుపు నేర్చుకుంది. "అత్తయ్యతో ఏదైనా మాట్లాడండి మామయ్యా, ఆవిడకు గుర్తుగా ఉంటుంది" అని కోడలు బతిమాలితే, ఆయన చాలాసేపు గొంతు సవరించుకుని, "ఏమోయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అన్నారు. అంతే. ఇంకోరోజు ఇంకాస్త బతిమాలితే, "ఏమోయ్, తలుపు గడియ వేశావా?" అన్నారు.

అత్తగారు ఆ కళ్ళజోడు ముక్క రోజూ పొద్దు వాలే వేళ వింటారు. వింటూ, వంటింట్లోంచే, "అక్కడే ఉంది, చూసుకోండి" అని జవాబు చెబుతారు. మొదట్లో కోడలికి నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ టైముకు ఆ మాట వినబడకపోతే ఏదో వెలితిగా ఉంటుంది.

ఇప్పుడు అవన్నీ పోయే గండం వచ్చిపడింది. గొంతుగూడు చేతులు మారింది. కొన్నవాళ్ళు కొత్త షరతులు తెచ్చారు. ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఎవరైతే ఒప్పుకోరో వాళ్ళ ఖాతా మూసేసి, దాచుకున్నవన్నీ తుడిచేస్తారు, బయటికి దించుకునే వీలు కూడా లేదు.

జనం చేత ఒప్పించడం కూడా ఒక విద్యేనని కోడలికి ఈమధ్యే తెలిసొచ్చింది. ముందు పేజీ మూలన చిన్న గమనిక పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పచ్చ బటన్ పెట్టి, పక్కన వెలిసిపోయిన రంగులో 'తర్వాత చూస్తాను' అని పెట్టారు. అందరూ తర్వాతే చూస్తామన్నారు. అప్పుడు ఆ వెలిసిన బటన్ తీసేశారు. పచ్చది నొక్కితే తప్ప కొత్తగా ఏ గొంతూ దాచుకోవడానికి వీల్లేకుండా చేశారు. ఇక చూడండి, తీరిగ్గా కూర్చుని చదవాల్సిన పేజీని జనం ఆవులించేంతలో దాటేశారు. ఒక్కరు చదివితే ఒట్టు. ఆఫీసులో ఆమె పైఅధికారి అయిన మేడం ఆమె భుజం తట్టి, నీ మాటలు అంత సాఫీగా ఉన్నాయి కాబట్టే ఇంతమంది ఒప్పుకున్నారు అంది. ఆ మెప్పు కోడలికి ఎందుకో మింగుడుపడలేదు.

ఒప్పుకోనివాళ్ళ జాబితా రోజురోజుకూ చిక్కిపోయింది. అందులో కదలకుండా కూర్చున్న పేరు ఇంట్లో ఉన్న మామగారిది. భర్త లిఫ్టు మెకానిక్. ఏ తలుపు తెరుచుకోకపోయినా ఎక్కడో తుప్పు పట్టిందనే నమ్మకం అతనిది. పొద్దున పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ, నాన్నది ఉత్త మొండితనం, ఆయన పడుకున్నప్పుడు నొక్కేస్తే గొడవ వదులుతుంది అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సలహా పుణ్యమే పోయినవారం మనం చూసిన గుమ్మం దగ్గరి వేషం.

కోడలు లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడింది. "తప్పయిపోయింది మామయ్యా" అంది.

మామగారు కళ్ళు తెరిచారు. ఆ కళ్ళలో కోపం ఉంటే ఆమెకు కొంత తేలిగ్గా ఉండేది. లేదు. ఆయన మెల్లగా లేచి కూర్చుని, మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ సర్దుకుని, పలక అందుకున్నారు. రాసి ఆమెవైపు తిప్పారు.

'నువ్వు చదివి వినిపించలేదు.'

ఆ ఒక్క వాక్యం కోడలికి సూటిగా తగిలింది. ఎందుకంటే వాళ్ళిద్దరికీ ఒక అలవాటు ఉంది. గొంతుగూడులో ఏ షరతుల పేజీ అయినా బయటికి వెళ్ళేముందు, ఆఫీసుతో సంబంధం లేని ఒక మనిషికి గట్టిగా చదివి వినిపించాలి. వాళ్ళకు అర్థం కాకపోతే మళ్ళీ రాయాలి. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని రోజుల్లో, కోడలు భయంభయంగా ఆ కాగితాలు తెచ్చి మామగారి ముందు కూర్చుంది. ఆయనకు ఆ పని తెగ నచ్చేసింది. సామాను నెత్తిన, పిల్లాడు చంకన, పరిగెడుతూ విన్నవాడికి కూడా తెలియాలమ్మాయ్ అనేవారు. అప్పట్నుంచీ ఆమె రాసిన ప్రతి పేజీ ముందు ఆయన చెవిలో పడి, తర్వాతే లోకంలో పడింది. మాట పోయాక కూడా ఆ పని ఆగలేదు. తెలిస్తే ఒక చిటిక, తెలియకపోతే రెండు. అసలు ఆ చిటికెల భాష పుట్టిందే ఆ చదువుల్లో.

ఈసారి మాత్రం ఆమె వినిపించలేదు. కొత్తవాళ్ళ కాగితం సాయంత్రం వచ్చింది, పేజీ తెల్లారేసరికి కావాలన్నారు. మామగారు ఆరోజే ఆసుపత్రికి వెళ్ళి అలిసిపోయి వచ్చారు. ఆయన్ని శ్రమపెట్టడం ఎందుకులే అని తనకు తాను చెప్పుకుంది. అది నిజం కాదని ఆమెకు అప్పుడే తెలుసు. తొమ్మిదో షరతు దగ్గర ఆయన రెండు చిటికెలు వేస్తారని భయపడింది.

ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ మొండితనం అనుకున్నది మొండితనం కాదు, అలక. తనను కాదని పేజీ బయటికి వెళ్ళిపోయిందన్న చిన్నపిల్లాడి అలక. కోడలికి ఆయన మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందంటే, నవ్వాలో ఏడవాలో తెలియక గబగబా వెళ్ళి కుర్చీ ఈడ్చుకొచ్చింది. మామగారి ఫోను, పచ్చ బటన్ అలా తెరిచి ఉండగానే, మంచం మీద పెట్టేసి తన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు చదువుతాను. వింటారా?"

ఒక చిటిక. ఆ చిటిక కాస్త గట్టిగానే పడింది.

మొదటి షరతు: మీ ఖాతా మీరే వాడాలి. చిటిక. రెండోది: ఇతరుల గొంతు వాళ్ళకు చెప్పకుండా దాచకూడదు. చిటిక. నాలుగో దాంట్లో ఆమె 'తదనుగుణంగా' అని చదివేసరికి రెండు చిటికెలు పడ్డాయి, ఆమె అక్కడికక్కడే ఆ మాట కొట్టేసింది. ఆరోది ఎంత పొడుగుందంటే, మధ్యలో మామగారు కళ్ళు మూసుకుని గురక నటించారు. కోడలు నవ్వింది. ఆయన భుజాలు కూడా కదిలాయి. ఆయన నవ్వుకు ఇప్పుడు చప్పుడు ఉండదు, భుజాలు మాత్రమే చెబుతాయి. చాలా రోజులకు ఆ గదిలో పాత చదువుల రోజులు తిరిగొచ్చినట్టనిపించింది.

తొమ్మిదోది వచ్చింది. ఆమె గొంతు తనకు తెలియకుండానే వేగం అందుకుంది.

"సేవల నాణ్యతను మెరుగుపరిచే నిమిత్తం, వినియోగదారు సమర్పించిన ధ్వని ఆధారంగా నూతన ధ్వని రూపాలను సృష్టించి వినియోగించుకునే హక్కు, కాలపరిమితి లేకుండా సంస్థకు ఉంటుంది."

రెండు చిటికెలు.

 ఇది తనే రాసిందంటే ఆమెకు సిగ్గేసింది. సరే, తేలిక మాటల్లో చెప్పింది. మీరు దాచుకున్న గొంతును చూసి మా యంత్రం అచ్చం అలాంటి గొంతే తయారు చేసుకుంటుంది అంది.

రెండు చిటికెలు.

ఇంకా తేలిగ్గా చెప్పింది. ఇది మంచిదే మామయ్యా అంది. పలక మీద రాసే బదులు ఫోనులో టైపు చేస్తే చాలు, అది మీ గొంతుతోనే పలుకుతుంది, మీరు మళ్ళీ మాట్లాడినట్టే ఉంటుంది అంది. ఈసారి ఆయన చెయ్యి గాలిలో ఆగింది. ఆయనకు ఆశ లేదని ఎవరనగలరు? ఆ మెడ మీద గుడ్డ ఒకసారి పైకి లేచి పడింది. కానీ ఆయన చిటిక వెయ్యలేదు. పలక తీసి రాశారు.

'ఎవరు టైపు చేసినా?'

"ఎవరు చేసినా" అంది కోడలు, నెమ్మదిగా.

ఆయన తుడిచి మళ్ళీ రాశారు. 'ఎన్నాళ్ళు?'

ఆమె కళ్ళు తెర మీదికి పోయాయి. కాలపరిమితి లేకుండా అనే ముక్క తెర మీద కనబడుతూనే ఉంది. తను ఆ ముక్కను ఎంత మెత్తగా, ఎంత గుట్టుగా వాక్యం మధ్యలో పడుకోబెట్టిందో ఆమెకు తెలుసు. మామగారు రెండు చిటికెలు వేశారు. కాసేపు ఆగి మళ్ళీ రెండు వేశారు. సామాను నెత్తిన పెట్టుకుని పరిగెడుతున్నవాడికి అర్థమయ్యేలా చెప్పమంటున్నారు.

కోడలు లాప్‌టాప్ మూసేసింది.

"మీరు అనని మాటలు మీ గొంతు అంటుంది మామయ్యా" అంది. "మీరు ఉన్నప్పుడూ అంటుంది. మీరు లేనప్పుడు కూడా అంటుంది."

 ఒక్క చిటిక పడింది. అర్థమైంది అని.

కోడలు ఇక ఆగలేక ఏడ్చేసింది. ఇంతమంది చేత ఒప్పించిన పేజీని ఇన్నాళ్ళకు ఒక్క మనిషికి సరిగ్గా చెప్పింది. మామగారు చేతికందిన గుడ్డ అందించారు. అది పలక తుడిచే గుడ్డ. తుడుచుకున్నాక ఆమె చెంపల మీద తెల్లటి చారలు మిగిలాయి. ఆయన భుజాలు మళ్ళీ కదిలాయి.

తల తిప్పి చూస్తే గుమ్మంలో అత్తగారు. చేతిలో రెండు టీ గ్లాసులు. ఎప్పుడొచ్చారో తెలియదు. ముఖం మాత్రం అదోలా ఉంది, ఎవరో వెనకనుంచి పిలిస్తే ఆగిపోయిన మనిషిలా. గ్లాసులు బల్ల మీద పెట్టి, "నిజంగా అంటుందా?" అని అడిగారు.

"ఏమిటత్తయ్యా?"

"అదే, ఆయన అననివి."

అంటుందని చెప్పింది కోడలు. కొన్నవాళ్ళు అందరి గొంతులూ ముందే సిద్ధం చేసి పెట్టుకున్నారని, పచ్చ బటన్ నొక్కడమే తరువాయి అని కూడా చెప్పింది. అత్తగారు ఊఁ అన్నారు. మంచం మీది ఫోను చేతిలోకి తీసుకుని, ఇది కొన ఊపిరితో ఉంది, చార్జింగు పెడతాను అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. అప్పుడు కోడలి ధ్యాసంతా మామగారి మీదే ఉంది.

మిగిలింది పదో షరతు. అదీ చదివింది. ఒకసారి ఒప్పుకున్నాక వద్దనుకుంటే ఒకటే దారి, దాచుకున్నవన్నీ తీసేయమనడం. అదైనా ఒప్పుకున్న రోజు ఆఫీసు మూసేలోపే. ఆ తర్వాత ఇక వద్దనడానికి లేదు. అంటే ఒప్పుకోకపోయినా కళ్ళజోడు ముక్క పోతుంది, ఒప్పుకుని వెనక్కి తగ్గినా పోతుంది. మామగారు చిటిక వేసి, పలక ఒళ్ళోకి లాక్కుని రాయడం మొదలుపెట్టారు.

ఆయన చెప్పదలచుకున్నదానికి ఆ పలక చాలదు. రాసి చూపించడం, తుడవడం, మళ్ళీ రాయడం. మధ్యలో బలపం విరిగింది. కోడలు ముక్కలు ముక్కలుగా చదువుకుని కలుపుకుంటే తెలిసింది ఇది.

చాలా ఏళ్ళ కిందట స్టేషనుకు ఒక యంత్రం వచ్చింది. అంకెలు, ఊర్ల పేర్లు, వస్తుంది, పోతుంది, ఆలస్యం, అన్నీ ఆయన చేత విడివిడిగా పలికించి, అందులోకి ఎక్కించారు. ఒక కాగితం ఇస్తే ఆయన చదవకుండా సంతకం చేశారు. ఆ రోజు నుంచి ఆయన విచారణ కిటికీ దగ్గర కూర్చునేవారు, యంత్రం ఆ ముక్కలు అతికించుకుని ఆయన గొంతుతో రైళ్ళ సంగతి చెప్పేది. ఒకరోజు అది తప్పు అతికించింది. రైలు ఒక ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే ఇంకో ప్లాట్‌ఫారం చెప్పింది. ఒకామె సంచీతో పరుగెత్తి, అటూ ఇటూ అయి, రైలు తప్పిపోయి కిటికీ దగ్గరికి వచ్చింది. తర్వాతి రైలు ఎప్పుడో ఆయన చెప్పబోతే, నోట్లోంచి మొదటి మాట వచ్చేసరికి ఆమె గుర్తుపట్టేసింది. నువ్వే కదయ్యా అటు పొమ్మన్నావు అంది. తిట్టలేదు, అరవలేదు. మా అమ్మ ఆఖరిచూపుకు పోతున్నానయ్యా, ఇక అందదు అంది. ఆయన క్షమించమన్నారు. ఆ గొంతుతోనే.

ఆమె తల్లిని చూడగలిగిందో లేదో ఆయనకు తెలియదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. యంత్రం తప్పుకు మీరేం చేస్తారు మామయ్యా అని కోడలు అనబోయి ఊరుకుంది. అలాంటి మాట ఆయన తనకు తాను వెయ్యిసార్లు చెప్పుకునే ఉంటారు.

ఆయన పలక శుభ్రంగా తుడిచి, చివరగా రాశారు.

'నేను పోయాక, నేను అనని మాట నా గొంతు మీ అత్తతో అనకూడదు.'

చదివి, కోడలు ఆ పలక ఆయన చేతిలోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత లేచి ఆఫీసుకు ఫోన్ చేసింది. మేడంతో, ఈ పేజీలో రెండు గడులు విడివిడిగా ఉండాలి, దాచడానికి ఒకటి, పలికించడానికి ఒకటి, ఇష్టమైనది ఒప్పుకోవచ్చు, రెండోది మానుకోవచ్చు అంది. మేడం విసుక్కుంది. ఇంతమంది ఒప్పుకున్నాక మీ మామగారొక్కరి కోసమా అంది.

"ఆయనొక్కరికే వినిపించాను మేడం" అంది కోడలు. "మిగతావాళ్ళకు నేను చెప్పనే లేదు."

 ఈసారి మేడం, రాసి పంపు, ఆఫీసు మూసేలోపు పైవాళ్ళను అడిగి చూస్తాను, మాట మాత్రం ఇవ్వలేను అంది. ఆ పాటి దానికే కోడలికి ప్రాణం లేచొచ్చింది. మామా కోడళ్ళు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాశారు. ఆమె పెద్ద వాక్యం రాయడం, ఆయన రెండు చిటికెలు వేయడం, ఆమె కోయడం. కోసి కోసి చివరికి మిగిలినవి రెండే. 'నా గొంతు దాచండి.' 'నా గొంతుతో కొత్త మాటలు పలికించండి.' ఒక్కోదాని పక్కన ఒక్కో ఖాళీ గడి. పంపించేసింది. మామగారు చల్లారిపోయిన టీ అందుకుని, చాలా గొప్ప పని చేసినవాడిలా దర్జాగా తాగారు. మొదటి గడి తన వేలితో తానే నొక్కుతానని సైగ చేశారు. అలక పూర్తిగా తీరినట్టే.

అప్పుడు వంటింట్లోంచి మామగారి గొంతు వినిపించింది.

కళ్ళజోడు ముక్క వినే వేళే కాబట్టి కోడలు మొదట పట్టించుకోలేదు. మామగారు మాత్రం గ్లాసు పట్టుకున్నవారు పట్టుకున్నట్టే ఉండిపోయారు. ఆయనకు తన గొంతు తెలుసు. తను ఏం అన్నారో, ఏం అనలేదో అంతకన్నా బాగా తెలుసు.

"ఏమోయ్, నువ్వు తిన్నావా?" అంటోంది ఆ గొంతు. స్టేషన్లో ఊరందరికీ వినిపించిన తీయటి గొంతే. "కాసేపు కూర్చో."

దాని వెనకే అత్తగారి జవాబు, బాగా మెల్లగా. "ఇంకా లేదండీ. ఇప్పుడు తింటాను."

 పచ్చ బటన్ తెరిచిన ఫోను మంచం మీద వదిలింది తను. నొక్కడమే తరువాయి అని చెప్పింది తను. మామగారు వద్దనుకోవడానికి కారణమైన మాటే విని, అత్తగారు కావాలనుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో వినని ఆ ప్రశ్నను ఆవిడ తనే టైపు చేసుకుని, తనే విని, తనే జవాబు చెప్పుకుంటున్నారు.

మామగారి ముఖం చూసే ధైర్యం లేక కోడలు గోడ గడియారం చూసింది. ఆఫీసు మూసేవేళ దగ్గరపడుతోంది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. పలక తీసుకుని ఏదో రాశారు. ఆమెకు చూపించలేదు. దాన్ని గుండెకు ఆనించుకుని లేచి, గోడ పట్టుకుంటూ వంటింటివైపు నడిచారు. కోడలు వెనకే వెళ్ళింది.

చార్జరు తీగ పొట్టిది. అందుకని అత్తగారు గోడకు దగ్గరగా, అటు తిరిగి, ఫోనును చెవికి ఆనించుకుని వంగి నిలబడి ఉన్నారు. మామగారు తలుపు మీద వేలితో కొట్టారు. ఆవిడ ఉలిక్కిపడి తిరిగారు. తప్పు చేసిన చిన్నపిల్ల ముఖం పెట్టి ఏదో చెప్పబోయారు. ఆయన పలక తిప్పారు.

స్టేషన్ బోర్డు మీద అక్షరాలంత పెద్దగా రాసి ఉంది. 'తిన్నావా?'

అత్తగారు చదివారు. ఒకసారి చదివి, మళ్ళీ చదివారు. అరచేత్తో నోరు మూసుకున్నారు. ఆ కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కోడలు అక్కణ్ణుంచి వెళ్ళిపోదామనుకుని కూడా అక్కడే ఉండిపోయింది. మామగారి చెంపలు కూడా తడిగానే ఉన్నాయి. కానీ ఆయన పలక కిందికి దించి, రెండో చెయ్యి చాచారు. ఫోను ఇమ్మని.

"ఇచ్చేయండి అత్తయ్యా" అంది కోడలు. "ఆఫీసు మూసేలోపు వద్దనకపోతే ఇక ఎప్పటికీ వద్దనలేం."

"వద్దంటే?"

"అన్నీ పోతాయి."

"కళ్ళజోడు కూడానా?"

కోడలు తల ఊపింది. మేడం దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు. వస్తుందో రాదో తెలియదు. వచ్చినా, ఒకసారి ఒప్పుకున్న ఖాతాకు ఆ రెండు గడులు వర్తిస్తాయో లేదో అంతకన్నా తెలియదు.

అత్తగారు పలక మీది మాట చూశారు. చాచిన చెయ్యి చూశారు. ఆ చెయ్యి అడిగితే ఈ ఇంట్లో ఆవిడ ఎప్పుడూ ఏదీ లేదనలేదు, కళ్ళజోడు, తువ్వాలు, గడియ, ఏదీ. నెమ్మదిగా తీగ ఊడబీకారు. ఫోను వీపు వెనక్కి పెట్టుకున్నారు.

తర్వాత, నిక్షేపంలా నోరున్న ఆ మనిషి, ఒక్క మాటైనా మాట్లాడకుండా కుడిచెయ్యి ఆయన ముఖం ముందుకు ఎత్తారు. అలవాటు లేని వేళ్ళు. మొదటి చిటిక సరిగ్గా పడనే లేదు. అయినా ఆగి, వేళ్ళు సరిచేసుకుని, మళ్ళీ వేశారు.

రెండు.